ప్రభుత్వం బడి నడపాలా, ఫీజు కట్టి ఊరుకోవాలా?

తూర్పుగాలి

చాలాకాలంగా మనసులో నలుగుతున్న ప్రశ్న ఇది. పార్టీల గొడవ లేకుండా మాట్లాడుకుందామని ఇక్కడ పెడుతున్నాను.

మన రెండు రాష్ట్రాల్లోనూ ప్రభుత్వం ఒకవైపు తానే బడులు, ఆసుపత్రులు నడుపుతోంది. మరోవైపు అదే పనికి ప్రైవేటు వాళ్లకు డబ్బు కడుతోంది. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. పెద్ద జబ్బు చేస్తే ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లండి, బిల్లు మేం కడతాం అన్నారు. కళాశాలలకు ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. 2020 జనవరిలో ఆంధ్రప్రదేశ్‌లో అమ్మఒడి మొదలైంది. ఏడాదికి 15,000 రూపాయల ఆ పథకం ప్రైవేటు బడిలో చదివే పిల్లల తల్లులకూ వర్తించింది. విద్యాహక్కు చట్టం 12(1)(సి) సెక్షన్ అయితే ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేదపిల్లలకు ఇమ్మని, ఆ ఫీజు ప్రభుత్వమే భరించాలని చెబుతుంది.

వీటిలో ఏదీ వద్దనడం లేదు నేను. మా అత్తగారికి గుండె ఆపరేషన్ ఆరోగ్యశ్రీలోనే జరిగింది, ఆమె ఇప్పుడు నిక్షేపంగా ఉన్నారు. కానీ ఆ తర్వాత నెలనెలా వాడాల్సిన మందులు మేమే కొనుక్కుంటున్నాం. మా పాప చదివే ఉన్నత పాఠశాలలో లెక్కల ఉపాధ్యాయుడు బదిలీ అయ్యాక ఆ పోస్టు ఖాళీగానే ఉంది. డబ్బు పంచడంలో చూపే వేగం పోస్టు నింపడంలో ఎందుకు కనిపించదు? అసలు ప్రభుత్వం చేయాల్సిన పని ఏది? నడపడమా, కట్టడమా?

లెక్కలపద్దు

తూర్పుగాలి గారూ, నా జవాబు సూటిగా చెబుతాను. ప్రభుత్వం డబ్బు కట్టాలి, ప్రమాణాలు నిర్ణయించాలి, తనిఖీ చేయాలి. నడిపే పని మానుకోవాలి.

ఇది ఊహించి చెబుతున్నది కాదు. మన గడ్డ మీదే పరీక్షించి చూశారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అయిదు జిల్లాల్లోని 180 ఊళ్లలో 2008 నుంచి నాలుగేళ్లపాటు ఒక పెద్ద ప్రయోగం జరిగింది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు చేశారు. ప్రభుత్వ బడి పిల్లల్లో దరఖాస్తు చేసుకున్నవారికి లాటరీ తీసి, గెలిచినవారికి ప్రైవేటు బడి ఫీజు కట్టారు. నాలుగేళ్ల తర్వాత పరీక్ష పెడితే తెలుగులో, లెక్కల్లో రెండు వర్గాల పిల్లలూ సమానంగా వచ్చారు. హిందీలో ప్రైవేటుకు వెళ్లినవారు ముందున్నారు. ఒక్కో పిల్లకు ప్రైవేటు బడికైన ఖర్చు ప్రభుత్వ బడికయ్యే ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువ. పైగా తెలుగుకు, లెక్కలకు వాళ్లు తక్కువ సమయమే కేటాయించారు, మిగిలిన సమయంలో వేరే విషయాలు చెప్పారు.

అంతే ఫలితం మూడో వంతు ఖర్చుతో వస్తుంటే, మిగతా రెండు వంతులు ఎవరి కోసం ఖర్చుపెడుతున్నట్టు?

2003లో దేశవ్యాప్తంగా ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు ముందుగా చెప్పకుండా వెళ్లి చూసిన సర్వే ఉంది. నలుగురు ఉపాధ్యాయుల్లో ఒకరు బడిలో లేరు. ఆరోగ్య కేంద్రాల్లో అయితే పదిమంది సిబ్బందిలో నలుగురు లేరు. తల్లిదండ్రుల చేతికి డబ్బిస్తే రాని మాస్టారు ఉన్న బడిని వాళ్లే వదిలేస్తారు. ఆ భయం లేనిచోట ఏ సంస్కరణా నిలవదు.

ఎర్రమట్టి

నేను ప్రాథమిక పాఠశాలలో ఎస్‌జీటీని, అంటే సెకండరీ గ్రేడ్ టీచరుని. ఊరు చెప్పను.

2003 నాటి లెక్క ఇప్పటికీ మా మెడకు వేలాడుతూనే ఉంది. ఈరోజు మా హాజరు ఫోను ముందు ముఖం పెట్టి వేసుకుంటున్నాం. బడిలోనే ఉంటున్నాం. బడిలో ఉండి ఏం చేస్తున్నామో అడగండి, అది అసలు ప్రశ్న.

మొన్నటిదాకా పొద్దున మరుగుదొడ్ల ఫోటోలు తీసి యాప్‌లో పెట్టాం. ఇప్పటికీ భోజనానికి ఎంతమందో ఎక్కించాలి, కోడిగుడ్ల లెక్క రాయాలి, బియ్యం నిల్వ రిజిస్టరు సరిచూడాలి. బూట్ల సైజులు, ఏకరూప దుస్తుల కొలతలు, ఆధార్ సరిపోలని పిల్లల జాబితా ఇవన్నీ వంతులవారీగా వస్తాయి. సిగ్నల్ అందకపోతే గోడ ఎక్కి నిలబడాలి. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప మరే ఇతర పనికీ ఉపాధ్యాయుడిని పంపకూడదంటుంది. యాప్‌ల పని బడిలో కూర్చునే చేయిస్తారు కాబట్టి ఆ సెక్షన్‌కు అది కనబడదు.

నా దగ్గర అయిదు తరగతులు ఉన్నాయి. నేను ఒక్కడినే.

మూడో తరగతిలో ఒక పాప ఉంది. 'గంప' అని బోర్డు మీద రాస్తే గ తెలుసు, ప తెలుసు, మధ్యలో సున్నను చూసి ఆగుతుంది. కాసేపు పెదాలు కదిపి 'గప' అంటుంది. సున్న పలికే తీరు ఆ పాపకు పట్టుబడాలంటే నేను పక్కన కూర్చోవాలి, వేలు పెట్టి చూపించాలి, ఆ సున్న ఉన్న మాటలే మళ్లీ మళ్లీ చదివించాలి. రోజుకు పదిహేను నిమిషాలు కూర్చుంటే నెలలో దారిలో పడుతుంది. ఆ పదిహేను నిమిషాలూ నాకు దొరకవు. ఏడాది చివర ఆ పాప నాలుగో తరగతికి వెళ్లిపోతుంది. పుస్తకం ముందుకు పోతుంది, పాప సున్న దగ్గరే ఉంటుంది.

పల్లెల్లో పిల్లల చదువును పరీక్షించే 'అసర్' సర్వే 2018లో చెప్పింది ఇదే. గ్రామీణ ప్రభుత్వ బడుల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 44 శాతం, ప్రైవేటులో 65 శాతం. ఈ రెండు అంకెలూ చూసి ప్రైవేటు గొప్పదంటారు. లెక్కలపద్దు గారు చెప్పిన ప్రయోగమే దానికి సమాధానం. లాటరీ తీసి ఒకేరకం ఇళ్ల పిల్లలను రెండు చోట్లా పెడితే తెలుగులో, లెక్కల్లో తేడా లేకుండా పోయింది. అంటే ఆ 65లో చాలా భాగం ఇంటి నుంచి వచ్చింది. చదివిన అమ్మ, సాయంత్రం ట్యూషను, కడుపునిండా తిండి. వాటిని బడి ఖాతాలో వేయకండి.

లెక్కలపద్దు

ఎర్రమట్టి గారూ, మీ పని కష్టాన్ని నేను తక్కువ చేయడం లేదు. కానీ మీరు చెప్పినదంతా నా వాదనకే బలం. అయిదు తరగతులకు ఒక్కరిని పెట్టి, ఆ ఒక్కరికీ మరుగుదొడ్ల ఫోటోల పని అప్పగించింది ప్రభుత్వమే కదా. ఇలా నడిపేవారి చేతిలో బడి ఎందుకు ఉండాలి?

వేపచెట్టు

ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాడిని. వయసు మీద పడింది కాబట్టి కాస్త పాతకథ చెప్పనివ్వండి, దానికీ ఈ చర్చకూ సంబంధం ఉంది.

దేశంలో విద్య ఎలా ఉండాలో చెప్పిన 1964-66 నాటి కొఠారీ కమిషన్ ఉమ్మడి పాఠశాల విధానం కావాలంది. ఊళ్లో పిల్లలందరూ, ఏ ఇంటి పిల్లలైనా, దగ్గర్లోని ఒకే బడికి వెళ్లాలి. విద్యకు జాతీయాదాయంలో 6 శాతం కేటాయించాలంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా మళ్లీ అదే 6 శాతం రాసుకుంది. అర్ధశతాబ్దం దాటినా అందని అంకె అది.

మేం చదివిన జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తహసీల్దారు కొడుకూ, పాలేరు కొడుకూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. తహసీల్దారు గారు బడికి వచ్చి సైన్సు మాస్టారి పోస్టు ఎందుకు నింపలేదని అడిగితే పై అధికారులు కదిలేవారు. పాలేరు కొడుక్కి కూడా ఆ సైన్సు మాస్టారే పాఠం చెప్పాడు. గొంతున్న కుటుంబాలు బడిని వదిలేశాక ఆ అడిగేవారు లేకుండా పోయారు. 2015లో అలహాబాద్ హైకోర్టు ప్రభుత్వ జీతం తీసుకునేవారంతా తమ పిల్లలను ప్రభుత్వ ప్రాథమిక బడుల్లోనే చేర్చాలని ఉత్తరప్రదేశ్ ప్రభుత్వాన్ని ఆదేశించింది. బలవంతంగా చేయించడం నాకు నచ్చదు, కానీ ఆ న్యాయమూర్తి రోగాన్ని సరిగ్గానే పట్టారు.

ఇక ప్రభుత్వానికి నడపడం చేతకాదన్న మాట. 1971లో నల్గొండ జిల్లా సర్వేల్‌లో గురుకుల పాఠశాల మొదలైంది, పి.వి. నరసింహారావు చొరవతో. పల్లెల నుంచి వచ్చిన పిల్లలు అక్కడి నుంచి ఎంతెంత దూరం వెళ్లారో తెలుగువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆయనే కేంద్రంలో ఉండగా 1986లో నవోదయ విద్యాలయాలు వచ్చాయి. అవన్నీ ప్రభుత్వ జీతగాళ్లు నడిపినవే.

లెక్కలపద్దు గారు వెంటనే ఒకమాట అంటారని తెలుసు. అక్కడ పిల్లల్ని ఏరుకుంటారు, ఒక్కొక్కరి మీద ఖర్చూ ఎక్కువ. నిజమే. అందుకే గురుకులాన్ని చూపించి ఊరి బడిని మరిచిపోవడం నాకు బాధ కలిగిస్తుంది. మంచి విద్యార్థులను ఊరి బడి నుంచి తీసుకుపోయి వేరేచోట బాగా చదివిస్తాం. మిగిలినవారి సంగతి?

చుక్కలముగ్గు

నాకు ఈ లెక్కలన్నీ తెలియవు. మా ఊరి బడిలో మాస్టారు మంచివారు, మా బాబును రెండో తరగతి దాకా అక్కడే చదివించాను. 2022లో మూడు, నాలుగు, అయిదు తరగతులు ఉన్నత పాఠశాలలో కలిపేశారు. ఆ బడికి వెళ్లాలంటే పిల్లవాడు లారీలు తిరిగే రోడ్డు దాటాలి. ప్రైవేటు బడి బస్సు మా ఇంటి ముందుకు వస్తుంది. చదువు చూసి మార్చలేదు, రోడ్డు చూసి మార్చాను.

ఎర్రమట్టి

చుక్కలముగ్గు గారూ, మీరు రాసిన నాలుగు మాటల్లో పెద్ద విషయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ విలీనం 117వ జీవోతో జరిగింది. పై తరగతుల్లో విషయానికొక ఉపాధ్యాయుడు దొరుకుతాడన్నది ఉద్దేశం. కాగితం మీద చూస్తే మంచిదే. ఒకటి, రెండు తరగతులతో మిగిలిన బడిలో పిల్లలు తగ్గారు, పిల్లలు తగ్గితే హేతుబద్ధీకరణలో పోస్టు పోయింది, పోస్టు పోతే తల్లిదండ్రులు మిగిలిన పిల్లల్నీ తీసుకెళ్లారు. తర్వాత ఆ జీవోను వెనక్కి తీసుకున్నారు. వెళ్లిన పిల్లలు జీవోతోపాటు తిరిగి రారు కదా.

కరోనా తర్వాత దేశవ్యాప్తంగా ఇదే జరిగింది. అసర్ లెక్కల ప్రకారం గ్రామాల్లో ప్రభుత్వ బడుల్లో చేరిన పిల్లలు 2018లో 65.6 శాతం. 2022 నాటికి 72.9 శాతం అయ్యారు. అన్ని లక్షల కుటుంబాలు ప్రచారం ఏమీ చేయకుండానే మన గడప తొక్కాయి. 2024 వచ్చేసరికి మళ్లీ 66.8. వచ్చినవారికి అదనంగా ఒక ఉపాధ్యాయుడిని ఇచ్చి, చదవడం రాని పిల్లల్ని ముందు చదివించి ఉంటే ఎంతమంది నిలిచేవారో. అది తలుచుకుంటే నాకు కోపం వస్తుంది.

స్టెతస్కోపు

శీర్షికలో బడి మాత్రమే ఉన్నా తూర్పుగాలి గారు ఆసుపత్రి ఊసూ ఎత్తారు కాబట్టి వస్తున్నాను. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వైద్యాధికారిని.

మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 జనాభాకు ఒక పీహెచ్‌సీ ఉండాలన్నది ప్రమాణం. 1946లో దేశ ఆరోగ్య సేవలపై భోర్ కమిటీ వేసిన ఆలోచనకు కొనసాగింపు ఇది. జబ్బు ముదిరాక చూడటం కాదు, ముదరకుండా చూడటం దీని పని. బీపీ, షుగరు, రక్తహీనత, టీకాలు, గర్భిణుల పరీక్షలు. ఏ ఒక్కదానికీ ఆపరేషను బిల్లు ఉండదు.

ఆరోగ్యశ్రీ, 2018లో వచ్చిన ఆయుష్మాన్ భారత్ ప్రాణాలు కాపాడాయి, కాపాడుతున్నాయి. ఆయుష్మాన్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా ఉంది. కానీ ఈ పథకాలు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినవారికి. నా ఓపీకి వచ్చే ఒక రైతు సంగతి చెబుతాను. బీపీ ఎప్పుడు చూసినా ఎక్కువే. మాత్ర మా దగ్గర ఉన్న నెలలో వేసుకుంటాడు, మా దగ్గర అయిపోయిన నెలలో మానేస్తాడు, ఎందుకంటే తలనొప్పి లేదు, నీరసం లేదు, మందు ఎందుకు కొనాలి అంటాడు. ఆయనకు పక్షవాతం వస్తే పెద్ద ఆసుపత్రిలో లక్షల రూపాయల వైద్యానికి ప్రభుత్వం కట్టడానికి సిద్ధంగా ఉంది. అది రాకుండా ఆపే మాత్ర నెలనెలా తప్పకుండా అందేలా చూడటానికి మాత్రం అంత పట్టుదల లేదు. డబ్బు కట్టే ప్రభుత్వం బిల్లు వచ్చినచోటే డబ్బు పెడుతుంది, ఇది ఎవరి దుర్మార్గమూ కాదు, ఆ పద్ధతిలోనే ఉంది.

బిల్లు వైద్యాన్ని ఎలా మారుస్తుందో కూడా చూడండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ప్రైవేటు ఆసుపత్రుల్లో జరిగిన కాన్పుల్లో 81.5 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ప్రతి అయిదుగురు తల్లుల్లో నలుగురికి కోత అవసరమయ్యే ప్రకృతి ఈ భూమ్మీద ఎక్కడా లేదు.

లెక్కలపద్దు

డాక్టరు గారూ, అదే సర్వేలో తెలంగాణ ప్రభుత్వ ఆసుపత్రుల అంకె కూడా చెప్పాలి. అక్కడా 44.5 శాతం. ప్రభుత్వం నేరుగా నడిపినా కోత ఎక్కువే ఉంది. కాబట్టి తప్పు యాజమాన్యంలో లేదు, నియంత్రణలో ఉంది. ఏ ఆసుపత్రిలో ఎన్ని సిజేరియన్లో బయటపెట్టండి, మామూలు కాన్పుకూ సిజేరియన్‌కూ ఒకే రేటు కట్టండి. కట్టేవాడి చేతిలో ఆ అధికారం ఉంది, వాడటం లేదు.

మందుల విషయానికి కూడా అదే చెబుతాను. థాయిలాండ్ 2002లో ప్రజలందరికీ వైద్యం అందించే పథకం తెచ్చింది. వైద్యం చేసే వ్యవస్థ వేరు, డబ్బు కట్టే సంస్థ వేరు. జనాభా తలకింత అని కట్టారు, కాబట్టి జబ్బు రాకుండా చూసుకోవడం ఆసుపత్రికే లాభమైంది. డబ్బు కట్టే తీరు మార్చుకుంటే సరిపోతుంది.

స్టెతస్కోపు

44.5 సంగతి మీరు చెప్పింది సబబే, ముహూర్తాల పిచ్చి, కుటుంబాల ఒత్తిడి ప్రభుత్వ ఆసుపత్రి గోడ బయట ఆగవు. అయినా 44కూ 81కీ మధ్య ఉన్న తేడా బిల్లుదే.

థాయిలాండ్ గురించి మీరు ఒక విషయం వదిలేశారు. అక్కడ ఆ తలకింత డబ్బు గ్రామాల్లో చేరింది ప్రభుత్వ జిల్లా ఆసుపత్రులకూ, ఆరోగ్య కేంద్రాలకే. 2002కు ముందే ఆ దేశం దశాబ్దాలపాటు పల్లెల్లో వాటిని కట్టుకుంటూ, వైద్యులను పంపుకుంటూ వచ్చింది. కట్టిన డబ్బుకు వైద్యం దొరికిందంటే చేసేవాళ్లు అక్కడ ఉన్నారు కాబట్టి. మన్యంలో పీహెచ్‌సీ మూసేసి కార్డు ఇస్తే ఆ కార్డును ఎక్కడ చూపించాలి?

మందులకు తమిళనాడు మన పక్కనే ఉంది. 1994లో ప్రభుత్వ సంస్థగా వైద్యసేవల కార్పొరేషన్ పెట్టి, ఏ మందు ఏ గోదాములో ఎంత ఉందో చూసుకుంటూ కొనడం మొదలుపెట్టింది. ఇతర రాష్ట్రాలు వచ్చి నేర్చుకున్నాయి. ప్రభుత్వ ఉద్యోగులు నడిపిన పనే అది.

పాలపుంత

ఇక్కడ అందరూ 'ప్రైవేటు' అని ఒకే మాట వాడుతున్నారు. నేను ఒక మండల కేంద్రంలో చిన్న ప్రైవేటు బడిలో ఇంగ్లిషు టీచరుని. మాకు ఏసీ గదులు లేవు, ర్యాంకుల హోర్డింగులు లేవు. రేకుల షెడ్డు కింద ఆరు తరగతులు నడుస్తాయి.

లెక్కలపద్దు గారు చెప్పిన 'మూడో వంతు ఖర్చు' ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెబుతాను. అది నా జీతం. డిగ్రీ చదివి, బీఈడీ చేసి, డీఎస్సీ కోసం ఎదురుచూస్తూ, ప్రభుత్వ ఉపాధ్యాయులకు వచ్చేదానిలో చిన్న ముక్కకు పనిచేస్తున్నాం. కరోనాలో బడి మూసిన రోజునే జీతం ఆగిపోయింది. మాతో పనిచేసిన సోషల్ మాస్టారు ఉపాధి హామీ పనికి వెళ్లారు. సెలవు పెడితే జీతం కోత, గర్భం వస్తే ఉద్యోగమే పోతుంది. ఇంత చౌకగా నడవడం మా యాజమాన్యం తెలివి కాదు, పల్లెల్లో చదువుకున్న ఆడపిల్లలకు వేరే ఉద్యోగం లేకపోవడం. రేపు ప్రభుత్వం అందరికీ ఫీజు కట్టి ఈ పద్ధతిని దేశమంతా నిలబెడితే, అప్పుడు నా తర్వాత వచ్చేవారి గతి కూడా ఇంతే.

ఇంకోమాట. మా బడికి ప్రభుత్వం కట్టాల్సిన ఫీజులు ఏళ్లతరబడి బాకీ పడతాయి. ఆరోగ్యశ్రీ బకాయిల కోసం ఆసుపత్రులు సేవలు ఆపిన వార్తలు రెండు రాష్ట్రాల్లోనూ చూస్తూనే ఉన్నాం. పెద్ద ఆసుపత్రి తట్టుకుంటుంది. మా యజమాని బంగారం తాకట్టు పెట్టి కరెంటు బిల్లు కట్టారు.

తూర్పుగాలి

పాలపుంత గారూ, మీరు రాసింది చదివాక చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. ఖర్చు తక్కువ అన్నప్పుడు ఆ తక్కువ ఎవరి కడుపు మీద పడుతుందో నేనెప్పుడూ అడగలేదు.

లెక్కలపద్దు

పాలపుంత గారి బాధ నిజం. కనీస జీతం నిబంధన పెట్టి ఫీజు పెంచి కట్టినా సరే, ఖర్చు ఇప్పటికన్నా తక్కువే ఉంటుందని నా నమ్మకం. తల్లిదండ్రులకు ఎంచుకునే హక్కు ఉండాలన్న దగ్గరే నేను నిలబడతాను. ధనవంతుడికి ఆ హక్కు ఎప్పుడూ ఉంది. కూలివాడికి ఎందుకు వద్దంటున్నారు?

వేపచెట్టు

ఎంచుకోవడం మంచిదే. ఎవరు ఎవరిని ఎంచుకుంటారన్నదే పేచీ. చిలీ 1981లో ఈ దారి పట్టింది. పిల్ల ఏ బడికి వెళ్తే డబ్బు ఆ బడికి. కొన్నేళ్లకు బడులే పిల్లల్ని ఎంచుకోవడం మొదలుపెట్టాయి. ప్రవేశ పరీక్ష పెట్టాయి, తల్లిదండ్రులను ఇంటర్వ్యూ చేశాయి, ప్రభుత్వం ఇచ్చేదానిపై అదనపు రుసుము వసూలు చేశాయి. పిల్లలు ఇంటి సంపాదన ప్రకారం బడులవారీగా చీలిపోయారు. విద్యార్థులు వీధుల్లోకి వచ్చి ఏళ్లపాటు పోరాడారు. చివరికి 2015లో ఆ దేశమే చట్టం తెచ్చి, ప్రభుత్వ డబ్బు తీసుకునే బడులు లాభం తీయకూడదు, పిల్లల్ని ఏరుకోకూడదు, అదనపు రుసుము తీసుకోకూడదు అంది. మూడు దశాబ్దాలకు పైగా పట్టింది వెనక్కి తిరగడానికి. స్వీడన్ 1992లో మొదలుపెట్టి ఇప్పటికీ లాభాల గురించి వాదించుకుంటూనే ఉంది.

కూలివాడి హక్కు గురించి అడిగారు. మనకు చదువు హక్కు కోర్టులో నిలబడింది మన రాష్ట్రం పేరున్న కేసులోనే, 1993 నాటి ఉన్నికృష్ణన్ కేసు, రెండో పక్షం ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం. 14 ఏళ్ల లోపు పిల్లలకు చదువు ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు చెప్పింది. తర్వాత 2002లో ఆ హక్కు రాజ్యాంగంలో 21ఏ అధికరణంగా చేరింది. వైద్యంలోనూ అంతే. పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడిన ఒక కూలీని మంచం లేదంటూ ఒక ప్రభుత్వ ఆసుపత్రి తర్వాత ఒకటి వెనక్కి పంపాయి. చివరికి ఆయన ప్రైవేటు ఆసుపత్రిలో డబ్బు కట్టుకుని బతికారు. 1996లో సుప్రీంకోర్టు అది ఆయన జీవించే హక్కును కాలరాయడమేనంది, డబ్బు లేదన్న సాకు చెల్లదంది, పరిహారం ఇప్పించింది. ఆ తీర్పు వచ్చింది ఆసుపత్రి ప్రభుత్వానిది కాబట్టి. నడిపే బాధ్యత తీసుకున్నవాడినే ఈ హక్కు పేరుతో నిలదీయగలం. బిల్లు కట్టేసి చేతులు దులుపుకున్నవాడు 'ఆ ఆసుపత్రినే అడగండి' అంటాడు.

లెక్కలపద్దు

మాస్టారూ, నిలదీసే హక్కు కాగితం మీద 1993 నుంచి ఉంది. ఎర్రమట్టి గారి బడిలో ఆ పాప ఇంకా సున్న దగ్గరే ఉంది. హక్కు ఉన్నంత మాత్రాన ఎవరూ కదలడం లేదు. దీనికి జవాబు చెప్పండి, నేను నా మాట మీద మళ్లీ ఆలోచిస్తాను.

ఎర్రమట్టి

జవాబు నేను ప్రయత్నిస్తాను.

ఇన్నాళ్లూ మా బడిని దేని మీద కొలిచారో చూడండి. గోడలకు రంగులు, ఫ్యాన్లు, బెంచీలు, మరుగుదొడ్లు, హాజరు. బడులను బాగుచేసే నాడు-నేడు పథకంలో మా బడి నిజంగా బాగుపడింది, కుళాయి తిప్పితే నీళ్లు వస్తున్నాయి, అది చిన్న విషయం కాదు, ఆడపిల్లలు నెలలో ఆ కొద్దిరోజులు బడి మానడం తగ్గింది. కానీ మండల విద్యాధికారి ఎప్పుడు వచ్చినా రిజిస్టర్లు చూశారు, మరుగుదొడ్లు చూశారు, వెళ్లిపోయారు. ఒక పిల్లను లేపి పుస్తకం చేతికిచ్చి చదవమన్నది నేను చాలా అరుదుగా చూశాను. అడగని దానికి ఏ వ్యవస్థా కదలదు, ప్రభుత్వమైనా ప్రైవేటైనా. పాలపుంత గారి బడిలో తల్లిదండ్రులు అడిగేది ఇంగ్లిషు, టై, హోంవర్కు. అవి ఇస్తారు. మూడో తరగతి పిల్ల చదవగలదా అని అక్కడా ఎవరూ అడగరు.

2021లో నిపుణ్ భారత్ అని మొదలుపెట్టారు, 2026-27 నాటికి మూడో తరగతి పూర్తయ్యే ప్రతి పిల్లా అర్థం చేసుకుంటూ చదవాలని, లెక్కలు చేయాలని. మొదటిసారిగా సరైన లక్ష్యం పెట్టారు. నాకు కావాల్సింది రెండే. మొదటిది, రోజూ గంటసేపు తరగతులు పక్కన పెట్టి, అక్షరాలు వచ్చినవారు ఒక గుంపు, మాటలు వచ్చినవారు ఒక గుంపు, కథ చదవగలిగినవారు ఒక గుంపుగా కూర్చోబెట్టే స్వేచ్ఛ. ఆ గంటలో సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందని ఎవరూ అడగకూడదు. రెండోది, రెండో మనిషి. ఒక్క ఉపాధ్యాయుడున్న బడికి ఇంకొకరిని ఇవ్వండి, తర్వాత నన్ను ఎంత గట్టిగా నిలదీసినా నిలబడతాను.

పాలపుంత

ఆ గంట మా బడిలోనూ పెట్టించాలని ఉంది. మా కరస్పాండెంట్ గారితో మాట్లాడతాను.

లెక్కలపద్దు

చదవడాన్ని కొలిచి, ఆ ఫలితం ఊరందరి ముందూ పెడితే నాకు అభ్యంతరం లేదు. బడి ఎవరు నడపాలన్న దాని కన్నా ఇది ముందు జరగాలని ఒప్పుకుంటాను. రెండేళ్లలో జరగకపోతే మాత్రం నా పాత వాదనతో మళ్లీ వస్తాను.

తూర్పుగాలి

మా పాప బడిలో పాఠశాల యాజమాన్య కమిటీ సమావేశం ఈ నెలాఖరున ఉంది. చట్టం ప్రకారం కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. ఇన్నాళ్లూ సంతకం పెట్టి టీ తాగి వచ్చేవాళ్లం. ఈసారి మూడు అంశాలు రాసి తీసుకెళ్తున్నాను. లెక్కల పోస్టు ఖాళీ ఎప్పటి నుంచో తీర్మానంలో రాయించి జిల్లా విద్యాధికారికి పంపాలి. ఆరో తరగతిలో చేరినవారిలో చదవడం రానివారు ఎంతమందో మాకు చెప్పాలి. వాళ్ల కోసం రోజూ ఒక పీరియడ్ కేటాయించాలి. ఇంకేమైనా చేర్చాలా?

స్టెతస్కోపు

ఒకటి చేర్చండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి ఉంది, వైద్య బృందం బడికి వచ్చి పిల్లల కళ్లు, చెవులు, పళ్లు, రక్తహీనత చూసి వెళ్లాలి. చూపు తక్కువని చీటీ రాసిన పిల్లల జాబితా ప్రధానోపాధ్యాయుడి దగ్గర ఉంటుంది. ఆ జాబితా తెప్పించి, అందులో ఎంతమందికి కళ్లద్దాలు చేతికొచ్చాయో పేరుపేరునా అడగండి. చీటీ రాయడం మా పని, అక్కడితో మేం ఆగిపోతున్నాం. బోర్డు కనబడని పిల్ల చదవలేదని మాస్టార్లు అనుకుంటున్నారు. అద్దాలు రానివారి పేర్లు నాకు పంపితే నా పరిధిలో ఉన్నంతవరకూ కదిలిస్తాను, మీది వేరే మండలమైతే అక్కడి వైద్యాధికారికి ఎలా రాయాలో చెబుతాను.

తూర్పుగాలి

నాలుగో అంశంగా రాసుకున్నాను. జాబితా ఇవ్వమని హెచ్‌ఎం గారికి రేపే చెబుతాను, సమావేశం నాటికి సిద్ధంగా ఉంటుంది. అక్కడ ఏ జవాబు వచ్చినా ఇక్కడే రాస్తాను.